ఎడమ బూటు

ఏప్రిల్ 27, ఆదివారం

నూర్దిన్ ఇవాళ నా బండి ముందు చక్రం విప్పి, తన లారీలో వేసుకుని పట్నం వెళ్ళిపోయాడు. కన్నకొడుకు. వాడికి నట్లు విప్పడం నేర్పిందీ నేనే. తాళంచెవి పట్టుకెళ్తే లాభం లేదని వాడికి తెలుసు. ఆ ఉరాల్ మోటారుసైకిలు మేకు పెట్టి తిప్పినా స్టార్టవుతుంది.

వాళ్ళమ్మ బురుల్ వాడికి టీ పోసింది. తోవలో తినమని రొట్టె కట్టిచ్చింది. చక్రం ఎత్తుకుపోయేవాడికి రొట్టె.

నేనరిచా. "ఇంకొక్కసారి అరిస్తే మా చెల్లెలింటికి పోతా. చెప్పేదేమన్నా ఉంటే గోడకి చెప్పుకో" అంది. గోడకి చెప్పుకోడానికి నేనేమన్నా పిచ్చివాణ్ణా. మనవరాలు వదిలేసి పోయిన స్కూలు పుస్తకం ఉంది, సగం ఖాళీ. దీనికి చెప్తున్నా. సైన్యంలో ఉన్నప్పుడు ఇంటికి ఉత్తరాలు రాశా. ఆ తర్వాత గొర్రెల మీద గుర్తులు తప్ప ఏమీ రాయలేదు. అక్షరాలు లావుగా వస్తున్నాయి. రానీ. చదివేది నేనే.

జరిగింది ఇంతే. మొన్న వాగు దాటుతుంటే బండి ఎడమ పక్కకి ఒరిగింది. కుడి పక్కన ఇంకో మనిషి కూర్చునే తొట్టి, దానికో చక్రం ఉంటాయి కాబట్టి అటు ఒరగదు. నా ఎడమ కాలు కింద పడింది. మాసీల మీద, అదే తోలు మేజోళ్ళ మీద, వేసుకునే రబ్బరు తొడుగు నీళ్ళలో కొట్టుకుపోయింది. అటుగా పోతున్న విదేశీ మోటారుసైకిళ్ళ వాళ్ళు ఆగి బండి లేపారు. మంచివాళ్ళే. అందులో ఒకడు నా మెత్తతోలు మాసీలకేసి చూసి తల పట్టుకుని, తన బూటు చూపించి, చీలమండ మీద టకటకా కొట్టాడు. గట్టి చిప్ప ఉంది అక్కడ. తర్వాత నా కాళ్ళకి ఫోటో తీశాడు. ముఖానికి తియ్యలేదు.

ఆ ఫోటో నూర్దిన్ ఫోనుకి చేరింది. ఈ రోజుల్లో ఫోటోలు గొర్రెల కంటే తొందరగా కొండ దాటుతున్నాయి.

"బండికి తగ్గ బూట్లు కొనుక్కో నాన్నా. చిప్పలున్నవి. అవి నా కళ్ళతో చూశాక చక్రం" అన్నాడు.

కాలికేం కాలేదు. వాచింది. నొప్పి అస్సలు లేదు.

ఏప్రిల్ 28

నొప్పి లేదు.

ఏప్రిల్ 30, బుధవారం

శామెన్ వచ్చాడు. పక్కిల్లు. నేనూ వాడూ గొర్రెపిల్లలు కాసే వయసు నుంచీ ఎండాకాలం ఒకే మేతకొండకి పోతాం. వాడు బండి చుట్టూ తిరిగి చూశాడు.

"ఏరా కాసీమాలీ, దీని మూతి ఏదీ?"

"నూర్దిన్ దగ్గరుంది. బాగుచేయిస్తున్నాడు."

"చక్రమేగా, గుండ్రంగానే ఉండేదిగా. ఏం బాగుచేయిస్తాడు, పలకలు తేలుస్తాడా?"

టీ ఇచ్చా. ఇవ్వకూడదు, ఇచ్చా.

"మంచు కరుగుతోంది. జూన్ రాగానే కొండెక్కాలి. నువ్వెలా వస్తావ్?"

"ఎప్పుడూ ఎలా వస్తానో అలాగే. బండి మీద."

"లేకపోతే లారీ ఉందిలే. గుడారం కర్రల మీద ఇంత జాగా చేస్తారు. కిందటేడు ఒముర్ ముసలాణ్ణి తెచ్చారుగా, పొయ్యికీ గొర్రెపిల్లలకీ మధ్య."

తెచ్చారు. నేను చూశా. దింపేటప్పుడు ముందు పొయ్యి దింపారు, తర్వాత గొర్రెపిల్లల్ని, తర్వాత ఒముర్‌ని. ఆ తర్వాత వేసవంతా ఒముర్‌ని ఎవరూ ఏదీ అడగలేదు, వాన వస్తుందా అని కూడా. చలికాలంలో పోయాడు. పొయ్యి ఇంకా ఉంది.

లారీ ఎక్కను. రాసిపెట్టుకుంటున్నా. లారీ ఎక్కను.

మే 4, ఆదివారం

బజారుకి పోయా. బూట్ల కొట్టు ఓ ఇనప డబ్బాలో ఉంది. సైరా అని ఒకావిడ నడుపుతుంది. విదేశీయులు ఇంటికి పోయేముందు విమానంలో బరువని అమ్మేసుకున్న బూట్లు గుమ్మం నిండా వేలాడదీసింది, చంపిన కోళ్ళలా.

"రా తాతా, రా. ఎవరికి, మనవడికా?"

"నాకు."

పొద్దుతిరుగుడు గింజలు నమలడం ఆపింది. "ఏం బండి?"

"ఉరాల్. తొట్టి ఉంది."

"ఓహో, సోఫా అన్నమాట."

"నువ్వు బూట్లు చూపించు. కూర్చునేది నేను."

మొదట ఎర్రవి తీసింది, మెరిసేవి, వెనకాల ముళ్ళలాంటివి ఉన్నాయి. మిడత కాళ్ళు. అవి వేసుకుని పోతే మా కుక్కే నన్ను కరుస్తుంది. తర్వాత మోకాలి దాకా వచ్చేవి, బకిళ్ళే బకిళ్ళు. వేసుకుని నిలబడ్డా. వంగవు. నమాజుకి కూర్చోవాలంటే కాళ్ళు గుమ్మం దగ్గర వదిలి రావాలి.

మూడోసారి నల్లవి తీసింది. ఉత్త నలుపు, మనిషి వేసుకునేలా ఉన్నాయి. పైన రెండు పట్టీలు. మడమ గట్టిది, వేళ్ళ మీద గట్టి గిన్నె, చీలమండకి రెండు పక్కలా చిప్పలు. ఎడమదానికి వేళ్ళ మీద అదనంగా ఒక తోలు ముక్క కుట్టి ఉంది, గేరు వేసీ వేసీ తోలు అరగకుండా.

"పిండు తాతా," అంది. "తడిగుడ్డ పిండినట్టు పిండు. మెలి తిరిగితే పారెయ్."

మడమా మునివేలూ పట్టుకుని పిండా. తిరగలేదు. చిప్ప మీద బొటనవేలితో నొక్కా. లొంగలేదు. ఎవడు చేశాడో గానీ పని తెలిసినవాడు.

తొడిగింది. కుడిది వేళ్ళ దగ్గర పట్టేసింది. ఎడమది దివ్యంగా ఉంది. లోపల కాలున్నట్టే లేదు.

"సరిగ్గా నీ సైజే" అంది.

"పెద్దవి తియ్."

తీసింది. "ఇంకా పెద్దవి" అన్నా.

"ఊడిపోతాయి తాతా."

"ఊడాలి."

"ఏంటీ?"

"బూటన్నాక ఊడాలి. మనిషి పడితే బూటు అక్కడే ఉండాలి, కాలు బయటికి రావాలి."

"అయ్యో, అది గుర్రానికి! బండి మీంచి పడ్డప్పుడు బూటు కాలిని వదలకూడదు. ఈ చిప్పలూ పట్టీలూ ఎందుకు మరి, పెళ్ళికా?"

"నువ్వు పుట్టకముందు నుంచీ పడుతున్నా నేను."

"నీ కాళ్ళు, నీ ఇష్టం. తిరిగి తెస్తే మాత్రం తీసుకోను."

ధర అడిగా. చెప్పింది. ఇంకోసారి అడిగా, వేరేది చెప్తుందేమోనని. అదే చెప్పింది.

మా అన్న ఎసెన్ సైన్యం నుంచి కొత్త బూట్లతో వచ్చాడు. బిగుతు బూట్లు. ముఖం కనిపించేలా మెరిపించేవాడు. వచ్చిన కొన్నాళ్ళకే బూడిదరంగు గుర్రం మీంచి పడ్డాడు, కాలు రికాబులో ఉండిపోయింది. గుర్రం వాగు దాకా ఆగలేదు. బూటు ఊడలేదు.

రెండు సైజులు పెద్దవి కొన్నా.

మే 5

ఇంట్లో వేసుకుని తిరిగా. బురుల్ చెవులు మూసుకుంది. కుడి మడమ ఒరుసుకుపోతోంది. ఎడమదానికి ఏ గొడవా లేదు. ఒకే మనిషి కుట్టినవాటిలో ఇంత తేడా ఎలా వస్తుందో. ఎడమది కుట్టేటప్పుడు మనసు పెట్టుంటాడు.

మే 7

బండిని దుంగ మీద నిలబెట్టి, ఎక్కి కూర్చుని, ఉత్తినే గేర్లు వేశా. ముందుకి నొక్కితే ఒకటి, మడమతో నొక్కితే రెండు. బురుల్ పాలు పితికి వస్తూ బకెట్టుతో నిలబడిపోయింది.

"ఎందుకు కిందికి చూస్తావ్?"

"బూట్లు చూసుకుంటున్నా. కొత్తవి కదా."

"చూడకుండా వెయ్యి."

"గేర్ల సంగతి నీకేం తెలుసు."

"ట్రాక్టర్ తోలా."

"అది పెళ్ళికి ముందు."

పెళ్ళయ్యాక ట్రాక్టర్ దిగింది. ఎందుకు దిగిందో గుర్తు లేదు.

మే 8

ఈవిడకి కొత్త పట్టుదల వచ్చింది. మాసీలు విప్పి కాలు చూపించమంటుంది.

మాసీలు వేసుకున్నవాడు నమాజుకి ముందు కాళ్ళు కడగక్కర్లేదు. పైనే తడిచెయ్యి రాస్తే చాలు. మా తాతా అంతే, మా నాన్నా అంతే. ఈ మధ్య నేను అలాగే కానిచ్చేస్తున్నా. నీళ్ళు చల్లగా ఉంటున్నాయి.

"ఇంట్లో ఉన్నవాడికి అది ఒక్కరోజే చెల్లుతుంది," అంది. "ప్రయాణంలో ఉన్నవాడికైతే మూడు."

"నేను ప్రయాణంలో ఉన్నా."

"ఎక్కడికి? పొయ్యి దగ్గర్నుంచి గుమ్మానికా?"

"బూట్లు కొన్నా కదా. బయల్దేరినట్టే."

మే 9

పొయ్యి దగ్గర కూర్చుని బూట్లకి కొవ్వు రాస్తుంటే కాలిన వాసనొచ్చింది. నా ఎడమ మాసీ పొయ్యికి ఆనుకుని ఉంది. మడమ దగ్గర తోలు కమిలింది. తోలే. కాలు కాలితే నాకు తెలియదా.

బురుల్ నా కాలు పట్టుకుని పక్కకి జరిపింది. జరిపిన తీరు నాకు నచ్చలేదు.

కిందటేడు నర్సు గుల్‌సూన్ నాకు షుగర్ అంది. ఆ రోజు నుంచీ టీలో చక్కెర మానేశా. జామ్ వేసుకుంటున్నా.

మే 11, ఆదివారం

నూర్దిన్ చక్రంతో వచ్చాడు.

పొద్దున్నే లేచి బూట్ల ముందు భాగంలో గొర్రె ఊలు కుక్కి పెట్టా. వాడు వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వాడికి చిన్నప్పుడు బూట్లు కొంటే నేనెలా నొక్కి చూసేవాణ్ణో అలాగే బొటనవేలితో నొక్కాడు.

"ఇదేనా నీ వేలు?"

"వేలే."

ఊలు అది.

"బాగా పట్టాయి నాన్నా. నాకు భయం తీరింది. రెండు పట్టీలూ బిగించుకో, ఒకటి వదిలెయ్యకు."

"బిగిస్తా."

చక్రం పెట్టాడు. నట్లు నేనే ఇంకోసారి బిగించా. పోయేటప్పుడు లారీలోంచి చెయ్యి ఊపాడు. బురుల్ గుమ్మంలో నిలబడి నా పాదాలకేసి చూస్తోంది.

మే 13

వంతెన దాకా పోయొచ్చా. బండి పాట పాడింది. ఎదురుగా కొండలన్నీ తెల్లగా, కింద పొలాలు పచ్చగా. చాలాసార్లు కిందికి చూడాల్సి వచ్చింది. గేరు పెడల్‌కి నూనె వెయ్యాలి, పాదం దాని మీద ఉందో లేదో చెప్పడంలేదు.

మే 14

శామెన్ ఆవు దారికడ్డంగా వచ్చింది. పెద్ద దెబ్బేం కాదు. దాని తోకకి తగిలింది, నా అద్దం పోయింది.

ఆవు కట్టేసి ఉంది అంటాడు శామెన్.

మే 16, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తా.

శుక్రవారం నమాజు అయ్యాక మేం ముసలాళ్ళం స్కూలు వెనక చూకో ఆడతాం. గొర్రె చీలమండ ఎముకలు వరసగా పేర్చి, ఇంకో ఎముకతో కొట్టడం. ఆ కొట్టేదాన్ని సాకా అంటాం. నా సాకా పొట్టేలు ఎముక. లోపల సీసం పోసి, పైన ఎర్రరంగు వేశా. దానితో నేను కొట్టినట్టు ఈ లోయలో ఎవడూ కొట్టడు. ఎముకల సంచి గోడకి మేకుకి వేలాడుతుంది. కింద బూట్లు.

పొద్దున బూట్లు వేసుకుని, పట్టీలు బిగించి, సంచి తీశా. ఎర్ర సాకా లేదు.

ఇల్లంతా వెతికా. పరుపులు దులిపా. పిండి డబ్బాలో చెయ్యి పెట్టా. పెరట్లో, కొట్టంలో, బండి తొట్టిలో, కుక్క పడుకునే చోట. బురుల్ నా వెనకే తిరుగుతూ, "కాస్త కూర్చో, మధ్యాహ్నం చూద్దాం" అంటుంది. కూర్చోలేదు. నిన్న సాయంత్రం శామెన్ అద్దం సంగతి మాట్లాడ్డానికి వచ్చి ఆ గోడకే ఆనుకుని నిలబడ్డాడు. గుర్తొచ్చింది.

వాడింటికి పోయా. లేడు. మసీదు దగ్గరికి పోయా. మళ్ళీ స్కూలు వెనక్కి, ఎత్తు ఎక్కి. అందరూ ఉన్నారు.

"తియ్యరా" అన్నా.

"ఏం తియ్యను?"

"నా ఎర్ర సాకా."

"నాకెందుకురా నీ సాకా? నేను నా సాకాతో కొడితేనే నువ్వు ఓడిపోతుంటావ్."

"ఇవాళ నేను గెలుస్తాననే తీశావ్."

శామెన్ అందరివైపూ చూశాడు. ఎవరూ నవ్వలేదు. జేబులు బయటికి లాగాడు. ఎండు పెరుగుండ ఒకటి, పొగాకు, ఒక పన్ను. వాడిదే, ఊడితే దాచుకున్నాడట.

"చాలా? బూట్లు కూడా విప్పనా?"

"విప్పు."

విప్పాడు. అందరి ముందూ నేల మీద కూర్చుని, ఒకటి తర్వాత ఒకటి, తలకిందులు చేసి దులిపాడు. మట్టి రాలింది.

"ఇప్పుడు నువ్వు విప్పు" అన్నాడు.

"నేనెందుకు విప్పుతా? పోయింది నాది."

వాడు నెమ్మదిగా బూట్లు తొడుక్కున్నాడు. "నీ గొర్రెలూ నావీ ఒకే కుక్క కాసేది కాసీమాలీ" అన్నాడు. "ఇంక నా గడప తొక్కకు."

ఇంటికి నడిచొచ్చా. కుడి మడమ బొబ్బలెక్కి మండుతోంది. ఎడమ బూటు మాత్రం శభాష్. ఇంత దూరం తిరిగినా ఒక్క మాటనలేదు.

బురుల్ బూట్లు లాగడానికి కూర్చుంది. కుడిది వచ్చేసింది. ఎడమది రాలేదు. రెండు సైజులు పెద్ద బూటు, రాలేదు. కాలు గోడకి తన్నిపెట్టి లాగింది. వచ్చింది.

దానితో పాటు సాకా తివాచీ మీద పడింది. ఎర్రగా ఉంది, ఎప్పటికంటే.

పొద్దున్నుంచీ అక్కడే ఉంది. పాదం కింద.

మే 17

వాన.

మే 19, సోమవారం

గుల్‌సూన్ వచ్చి కట్టు కట్టింది. పుండు లోతుగా ఉందంది. మడమ మీద పాత కాలిన మచ్చ ఎక్కడిది అని అడిగింది. పొయ్యిది అంది బురుల్.

"షుగర్ కాళ్ళకి దిగింది తాతా. రోజూ పాదం ఎత్తి చూసుకోవాలి, గుర్రం గిట్ట చూసినట్టు. నీకు చెప్పే మనిషి లోపల లేడిప్పుడు. జామ్ కూడా మానెయ్."

జామ్ సంగతి ఎవరు చెప్పారో.

ఆవిడ పోయాక "అదంతా ఏం లేదు, నాకు కొంచెం తెలుస్తుంది" అన్నా.

"సరే," అంది బురుల్. "కళ్ళు మూసుకో. సూదితో ముట్టుకుంటా. ముట్టుకున్నప్పుడు చెప్పు."

మూసుకున్నా.

"ఇప్పుడు" అన్నా.

కాసేపాగి, "ఇప్పుడు" అన్నా. "బొటనవేలి దగ్గర."

మళ్ళీ, "ఇప్పుడు. ఈసారి గట్టిగా గుచ్చావ్."

కళ్ళు తెరిచా. బురుల్ పొయ్యి దగ్గరుంది. టీ పోస్తోంది. వీపు నావైపు ఉంది.

మే 20

నూర్దిన్‌కి ఫోన్ చేసింది. అంతా చెప్పింది, సాకాతో సహా. ఊలు సంగతి కూడా ఆవిడకి తెలుసు. నేను పక్కనే ఉన్నా, లేనట్టే చెప్పింది.

"చక్రం కోసం రానక్కర్లేదు," అంది చివర్లో. "బండి నేను నడుపుతా."

నన్నడగలేదు.

మే 21

తొట్టిలో కూర్చోనని చెప్పా. ఆడవాళ్ళూ, గొర్రెపిల్లలూ, పిండి బస్తాలూ కూర్చునే చోటది.

"సరే, లారీలో రా."

"లారీ ఎక్కను."

"ఎక్కితే మంచిదే. ముందు పొయ్యి దింపుతారు, తర్వాత నిన్ను" అంది.

అంటే ఒముర్‌ని దింపడం ఆవిడా చూసింది.

మే 22

ఆలోచిస్తున్నా.

మే 23

గడ్డిమైదానంలో బండి తోలింది. నేను కంచె మీద కూర్చుని చూశా. మూడు చక్రాల బండి, చదును నేల మీద పడదు, నేర్చుకోడానికి ఏముంది. రెండుసార్లు ఆగిపోయింది. తర్వాత ఆగలేదు. క్లచ్ మెత్తగా వదులుతోంది, కోడిగుడ్డు మీంచి చెయ్యి తీసినట్టు. ఒక్కసారి కూడా కిందికి చూడలేదు.

బాగుంది అని చెప్పలేదు. "తిప్పేటప్పుడు ముందే తగ్గించు" అని అరిచా.

"తొట్టిలోకొచ్చి కూర్చుని చెప్పు, వినపడట్లేదు" అని అరిచింది.

మాసీల మీద రబ్బరు తొడుగులు వేసుకుని తోలుతోంది. మూడో గేరుకి తొడుగు జారి గడ్డిలో పడింది. దిగి వెతుక్కుంది. నేను చూస్తూ కూర్చున్నా. వాగులో కొట్టుకుపోయిన నా తొడుగు గుర్తొచ్చింది. బండి ఒరిగితే ఆ పాదం మీద పడుతుంది. అది మంచి పాదం.

ఆ తొడుగులతో కొండెక్కనివ్వను.

మే 25, ఆదివారం

ఇద్దరం బజారుకి పోయాం. నా ఎడమ కాలికి కట్టు, దాని మీద నూర్దిన్ పాత ఊలు బూటు. సైరా దూరం నుంచే చూసింది.

"చెప్పా కదా తాతా, తిరిగి తీసుకోను."

"ఇవ్వడానికి రాలేదు. ఈవిడకి చూపించు."

బురుల్‌ని తలగుడ్డ నుంచి కింది దాకా చూసింది. "అమ్మమ్మకా?"

"అమ్మమ్మకే," అంది బురుల్. "సోఫా అన్నావటగా మా బండిని. దానికే."

సైరా గింజల పొట్లం పక్కన పెట్టేసింది. ఉన్న చిన్న సైజులన్నీ తెచ్చి ముందు పోసింది. నేను నేల మీద కూర్చున్నా. ఒక్కోటి తీసుకుని పిండా. మొదటిది మెలి తిరిగింది, పారేశా. రెండోదాని చిప్ప నొక్కితే లోపలికి పోయింది, పారేశా. ఇంకోదాని అడుగు రెండుగా మడిచా. "అలా మడవకూడదు తాతా, విరుగుతుంది" అంది సైరా. "విరిగేదైతే ఇక్కడే విరగనీ" అన్నా. గోధుమరంగు జత ఒకటి దొరికింది. పిండితే నా చేతులే నొప్పెట్టాయి. ఎడమదానికి వేళ్ళ మీద తోలు ముక్క ఉంది.

తొడిగా. రెండు పట్టీలూ బిగించా. బొటనవేలితో నొక్కా.

"ఇక్కడ వేలుందా?"

"ఉంది."

"మడమ?"

"పట్టుకుంది. కదలట్లేదు."

"ఇక్కడ నొప్పిగా ఉందా?"

"చిటికెనవేలి దగ్గర కొంచెం."

పైపట్టీ సందులోంచి చెయ్యి లోపలికి పోనిచ్చి పిక్క మీద గిల్లా.

"అబ్బా! ముసలాడా, గోళ్ళు తీసుకోవా?"

"మంచిది" అన్నా.

"చిటికెనవేలికి నొప్పంటే ఒక సైజు పెద్దది తీస్తా," అంది సైరా. "నీకెలాగూ ఊడాలి కదా తాతా."

"ఊడకూడదు. తోలు నాలుగు రోజుల్లో మాట వింటుంది."

"ఆ రోజు ఊడాలన్నావ్. నాతో పోట్లాడావ్."

"బండికి రికాబు లేదు" అన్నా. "అప్పుడు చూసుకోలేదు."

సైరా నోరు తెరిచి నవ్వింది. బురుల్ నవ్వలేదు. ఎసెన్ సంగతి ఆవిడకి తెలుసు. నా భుజం మీద చెయ్యి పెట్టి లేచి, నాలుగడుగులు వేసింది. టకటకా చప్పుడు.

చెవులు మూసుకుందామనుకున్నా. మూసుకోలేదు.

మే 28

ఆవిడ బూట్లకి కొవ్వు రాశా. పొయ్యికి దూరంగా కూర్చుని.

మే 30

రోజూ పొద్దున బురుల్ నా పాదం ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. వేళ్ళ మధ్య కూడా. పుండు మూసుకుంటోందట. మాసీలు దాచేసింది. నీళ్ళు చల్లగానే ఉన్నాయట. ఆవిడ మాట నమ్మాలి మరి.

జూన్ 1, ఆదివారం

కొండ మీదున్నాం. గుడారం వేశారు. రాయడానికి వెలుతురుంది ఇంకా.

పొద్దున నూర్దిన్ లారీకి సామానెత్తుతుంటే బురుల్ గోధుమరంగు బూట్లతో వచ్చి బండెక్కింది.

"అమ్మా, నిజంగా నువ్వేనా?"

"బూట్లు కావాలన్నావు. ఇవిగో బూట్లు. నొక్కి చూసుకుంటావా?"

వాడు నిజంగానే వంగి నొక్కాడు. "వేలే" అన్నాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను అటు తిరిగా.

లారీలో చోటుంది. పొయ్యి పక్కనే, మెత్తగా దుప్పటి కూడా పరిచారు. తొట్టి ఎక్కా.

కనుమ మీద ఇంకా మంచుంది, రెండు పక్కలా గోడలా. మలుపు దగ్గర "రెండూ!" అని అరిచా. అప్పటికే రెండులో ఉంది. తర్వాతి మలుపుకి నోరు తెరిచా, అప్పటికే వేసేసింది. ఆ తర్వాత అరవలేదు. వాగు దాటేటప్పుడు నీళ్ళు ఆవిడ బూట్ల మీదుగా పోయాయి. పాదం పెడల్ మీంచి జరగలేదు. నేను దాన్నే చూస్తూ కూర్చున్నా. ఎవరో ఒకరు కిందికి చూడాలి కదా.

పైకొచ్చేసరికి శామెన్ గుడారం ముందు నిలబడి ఉన్నాడు. అందరూ ఉన్నారు. బురుల్ నేరుగా వాడి ముందుకి తోలి ఆపింది. నేను చెప్పలేదు ఆపమని.

శామెన్ తొట్టిలో నన్ను చూశాడు. నవ్వుతాడనుకున్నా. నవ్వితే బాగుండేది.

ఒళ్ళో ఉన్న బూటు తీసి వాడికిచ్చా. నల్లది, ఎడమది.

"ఏంటిది?"

"చెయ్యి పెట్టు."

పెట్టాడు. లోపల వెతికాడు. ఎర్ర సాకా బయటికి తీశాడు.

"ఇందులో ఉందా?"

"ఉంది."

"ఆ రోజంతానా? ఇది కాలికుండగానే?"

"ఉండగానే."

వాడు సాకా అంచు మీద వేలు పెట్టి చూశాడు. నా ఊలు బూటు చూశాడు.

"అందరి ముందూ నా బూట్లు విప్పించావు కదరా."

"విప్పించా."

"ముందు నీవి విప్పాల్సింది."

"అవును."

శామెన్‌తో అవును అనడం ఇదే మొదలు. వాడూ గమనించాడు. సాకా జేబులో వేసుకున్నాడు. తిరిగివ్వలేదు, నేనూ అడగలేదు.

"దిగరా," అన్నాడు. "రాజుగారికి ప్రత్యేకంగా చెప్పాలా? ఇవాళ పొద్దున చినుకు పడింది. రేపు వానొస్తుందంటావా?"

పడమటి వైపు చూశా. "సాయంత్రానికే వస్తుంది" అన్నా.

వాడు గుడారం తాళ్ళు బిగించడానికి పోయాడు. వాన ఇంకా రాలేదు. వస్తుంది.

ఇంకోటి రాయాలి. ఆ తొట్టి సీటు కింద స్ప్రింగు విరిగి ఉంది. పైకి పొడుచుకొచ్చింది. కనుమ పొడుగూతా గుచ్చుతూనే ఉంది. అక్కడ మాత్రం నాకు బాగానే తెలుస్తోంది.

"స్ప్రింగు విరిగిందని ఎప్పుడూ చెప్పలేదేం?" అని బురుల్‌ని అడిగా.

ఆవిడ గుమ్మంలో కూర్చుని బూట్ల పట్టీలు విప్పుకుంటోంది.

"చెప్పా," అంది. "ప్రతి ఏడూ చెప్పా."